కంచె లేని గుట్ట

హై గార్త్, న్యూకాసిల్‌కు పడమర
14 అక్టోబర్ 2000

ఒసేయ్ ప్రఫుల్లా,

కర్నూలు మెడికల్ కాలేజీ హాస్టల్లో ఒకే బకెట్ పంచుకున్న స్నేహం మనది. ఆర్నెల్లకోసారి ఈమెయిల్ పంపి చేతులు దులుపుకుంటే ఎట్లా? ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు చదివేసరికి నాకు తలనొప్పి పట్టుకుంది. ఫోన్ చేస్తే నీకు పగలు, నాకు రాత్రి. మర్యాదగా కాగితం తీసుకొని తెలుగులో రాయి. నేను మొదలుపెట్టినాను చూడు.

న్యూకాసిల్‌లో ఫ్లాట్ వదిలేసి ఈ లోయకు వచ్చినాము. ఇక్కడి సర్జరీకి (క్లినిక్‌ను వీళ్ళు అట్లా అంటారు) నేనొక్కదాన్నే డాక్టర్ని. మా ఆయన రాజీవ్ రోజూ గంటసేపు కారు నడిపి న్యూకాసిల్ ఆఫీసుకు పోయి వస్తాడు. "నన్ను అడవికి తెచ్చి పడేసినావు" అని గొణుగుతాడు. అనూషకు ఆరేళ్ళు నిండినాయి. బళ్ళో చేరిన నెలకే ఇక్కడి యాస పట్టేసింది. అన్నానికి రావే అని తెలుగులో పిలిస్తే, "హౌవే మ్యామ్, ఇన్ ఎ మినిట్" అంటుంది. దాని నోటినుంచి ఆ మాట వింటే నవ్వాలో మొట్టాలో తెలీదు.

ఇక్కడ మనుషులకన్నా గొర్రెలు ఎక్కువ. కళ్యాణదుర్గం పక్కన మా నాయనకు రెండొందల జీవాలుండేవని నీకు తెలుసు కదా. మెడిసిన్ సీటు వచ్చేదాకా నా సెలవులన్నీ మంద వెనకనే గడిచినాయి. ఆ పనితనం ఇంగ్లండులో అక్కరకొస్తుందని ఎవరనుకుంటారు! మొన్న ఆల్బర్ట్ నాట్రస్ అనే ముసలాయనకు దగ్గు ఎక్కువైతే ఇంటికి పోయినాను. వాకిట్లో ఎవడో వ్యాపారి ఆయనకు ఒక గొర్రెను అమ్ముతా ఉన్నాడు, నాలుగేళ్ళదట. నా చెయ్యి ఊరుకోదు కదా. పెదవి లాగి పండ్లు చూసినాను. ముందరి పండ్లు సగం లేవు. "దీనికి ఆరేళ్ళు దాటింది" అనేసినాను. వ్యాపారి ముఖం కందిపోయింది. ఆల్బర్ట్ దగ్గు మరిచిపోయి నవ్వినాడు. ఇప్పుడు నేను ఆయనకు "డాక్టర్ పెట్"ని. పెట్ అంటే ఇక్కడ 'అమ్మా' అన్నట్టు, తిట్టు కాదులే.

ఆయన నన్ను గుట్ట పైకి తీసుకొని పోయినాడు. మూడు పొలాలవాళ్ళ గొర్రెలు ఒకే గుట్ట మీద మేస్తున్నాయి, నడుమ ఒక్క కంచె లేదు. కాపరీ లేడు! అయినా ఏ మందా తన హద్దు దాటదు. ఏ వాగు దాకా మనది, ఏ బండ దాకా మనది అని తల్లి వెంట తిరుగుతూ పిల్ల నేర్చుకుంటుంది, అది పెద్దదై తన పిల్లకు నేర్పుతుంది. ఎన్ని తరాలుగానో ఇదే వరస. నేను నోరు తెరుచుకొని చూసినాను.

ఇప్పుడు అసలు పని. ఈ లోయవాళ్ళు ఒకప్పుడు సీసం గనుల్లో పని చేస్తూ పక్కన నాలుగు గొర్రెలు పెంచుకునేవాళ్ళట. సీసం ధర పడిపోయినప్పుడు ఆల్బర్ట్ తాత ఇక్కడే ఉండిపోయినాడు, ఆయన తమ్ముడు జోసెఫ్ మోంటానాకు వెండి గనుల్లో పనికి పోయినాడు. మళ్ళీ కబురు లేదు. "నీ ఫ్రెండ్ మోంటానాలోనే కదా, నాట్రస్‌లు ఎవరైనా ఉన్నారేమో అడుగు పెట్" అంటాడు. మోంటానా మీ బ్రిటన్ మొత్తం కన్నా పెద్దదయ్యా అని చెప్పినాను. "అయినా అడుగు" అన్నాడు. అడుగుతున్నాను.

నీ
ఆది


కోల్డ్ ఫోర్క్, మోంటానా
3 డిసెంబర్ 2000

ఏమే గొర్రెల డాక్టరమ్మా,

ఆదిలక్ష్మి అని పేరు పెట్టుకుని ఆ చలిలో గొర్రెల పళ్ళు లెక్కపెట్టడం ఏంటే! మీ నాన్నగారు వింటే మీసం మెలేస్తారు.

మీ ఆల్బర్ట్ అదృష్టవంతుడు. నేను వెతకనే లేదు. ఈ కౌంటీ మొత్తం మనుషుల్ని పోగేసినా మా తెనాలి మార్కెట్లో శనివారం జనమంత ఉండరు. ఉన్నవాళ్ళలో సగం మందికి బీపీ నేనే చూస్తాను. వాళ్ళలో ఒకావిడ రూత్ నాట్రస్, ఎనభై దాటింది. నీ ఉత్తరం సంగతి చెబితే, "ఆ జోసెఫ్ మా ఆయన తాతే" అంది. ఒట్టు! నాకు ఒళ్ళు జలదరించింది. కబురెందుకు లేదని అడిగితే, అతనికి రాయడం రాదట, రాసిపెట్టేవాళ్ళని అడగడానికి సిగ్గట. అంతే కథ.

జోసెఫ్ వచ్చేసరికి ఇక్కడ కొండ మీద వెండి గని, గని చుట్టూ ఊరు. వెండి ధర పడిపోయిన ఏడాది ఊరు ఊరంతా లేచిపోయింది. బల్లల మీద పళ్ళాలు అలాగే వదిలేసి పోయారట. అంతకు ముందే ఆవుల మందలవాళ్ళని ఒక చలికాలం తుడిచిపెట్టేసింది. ఆ తర్వాత వ్యవసాయం చేస్తామని వచ్చినవాళ్ళకి ప్రభుత్వం ఒక పద్ధతి పెట్టింది. ఇల్లు కట్టి, నేల దున్ని, అయిదేళ్ళు కదలకుండా ఉంటే ఆ భూమి నీదే. మనవాళ్ళలాంటి తెలివిగలవాళ్ళు అక్కడా ఉన్నారులే. చక్రాల మీద చిన్న గుడిసె కట్టి, ఒకరి పొలంలోంచి ఇంకొకరి పొలంలోకి లాక్కెళ్ళి, "ఇదిగో ఇల్లు" అని ప్రమాణం చేసేవారట! రూత్ చెబుతుంటే నేను పొట్ట పట్టుకుని నవ్వాను. వానలు లేని ఏళ్ళలో ఈ వాగు వెంట ఉన్న కుటుంబాలన్నీ పోయి నాట్రస్‌లే మిగిలారు.

ఇంతకీ అంతకు ముందు ఆ గడ్డి ఎవరిదమ్మా అని అడిగాను. కిటికీలోంచి చూస్తూ "మాది కాదు" అంది. మా నర్సు అక్కడే ఉంది. ఆ అమ్మాయిది ఇక్కడి ఆదివాసీ తెగ, వాళ్ళని నెట్టేసిన చోటు ఇక్కడికి గంట దూరం. సూది తీసి పక్కన పెట్టి బయటికెళ్ళిపోయింది. నాకు నవ్వు పోయింది.

నా సంగతీ ఆ అయిదేళ్ళవాళ్ళ లాంటిదే కదే. డాక్టర్లు దొరకని చోట మూడేళ్ళు పని చేస్తే ఈ దేశంలో ఉండనిస్తామన్నారు. భాస్కర్ చికాగోలో, నేనిక్కడ. మొగుడూ పెళ్ళాం పండక్కి కలుసుకునే చుట్టాల్లా అయిపోయాం. 2003 వేసవికి నా గడువు అయిపోతుంది. ఆల్బర్ట్‌కి ఆయన మనుషులు దొరికారని చెప్పు.

నీ
ప్రఫుల్ల


హై గార్త్
2 ఏప్రిల్ 2001

ప్రఫుల్లా,

టీవీలో చూసే ఉంటావు. ఇక్కడ గాలికుంటు వచ్చింది. దేశమంతా అంటుకుంది.

మా ఊర్లో గాలికుంటు వస్తే ఏం జేసేవాళ్ళమో తెలుసా? నోటి పుండ్లకు పసుపు రాసి, గిట్టలకు వేపనూనె పూసి, జీవాన్ని నీడలో కట్టేసి గంజి తాపేవాళ్ళం. కొన్ని లేత పిల్లలు పోయేవి, తక్కినవి లేచి తిరిగేవి. ఇక్కడ అట్లా కాదు. ఒక పొలంలో కనపడితే ఆ పొలంలోవి, చుట్టుపక్కల పొలాల్లోవి అన్నీ చంపేస్తారు. జబ్బు ఉన్నా లేకున్నా సరే. ఎగుమతులు ఆగిపోతాయట, దేశానికి నష్టమట. నాకు వాళ్ళ లెక్క అర్థం కాదని కాదు, మనసు ఒప్పుకోదు.

ఆల్బర్ట్ మందకు ఏ జబ్బూ లేదు. కింద పొలంలో రెండు ఆవులకు వచ్చింది, అంతే. గుట్ట మీద గొర్రెల్ని దింపి, దొడ్లో నింపి, పోయిన గురువారం అన్నిటినీ తుపాకులతో కాల్చి, కుప్ప పోసి తగలబెట్టినారు. కొన్ని నిండు సూడివి. నన్ను పోనీలేదు, రోడ్డంతా మందు నీళ్ళు పోసిన గడ్డి పరిచి ఆపేసినారు. అందుకే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్ చేసినాను. ఏ అఘాయిత్యమైనా చేసుకుంటాడేమోనని ఆయన దగ్గరున్న తుపాకీ ముందే తీసుకొని పొమ్మని పోలీసులకు చెప్పింది నేనే. ఆ సంగతి ఆయనకూ తెలుసు, ఒక్క మాట అనలేదు.

నిన్న ఫోన్లో అన్నాడు, "గొర్రెలు కొనుక్కోవచ్చు పెట్. పరిహారం ఇస్తారు. కానీ ఈ గుట్ట తెలిసిన తల్లి ఒక్కటి కూడా మిగల్లేదు. కొత్తవాటికి ఎవరు చెబుతారు?"

మాత్రలు వేసుకున్నారా అని అడిగినాను. సిగ్గేసింది.

ఇంట్లో రాజీవ్ టీవీ ఆపేసినాడు. అనూష బళ్ళో పిల్లలు ఏడుస్తున్నారట. కిటికీలు తెరవలేకపోతున్నామే, గాలి నిండా ఆ వాసనే.

ఆది


కోల్డ్ ఫోర్క్
9 మే 2001

ఆదీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, మూడోసారి రూత్‌కి ఇంగ్లీషులో చదివి వినిపించాను. ఆవిడ బీపీ చూస్తే పెరిగింది, చదవకుండా ఉండాల్సింది. తర్వాత అంది, "అతనికి చెప్పు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి మొదటి ఏడాదే కష్టమని అందరూ అంటారు. అబద్ధం. మొదటి ఏడాది ఊళ్ళోవాళ్ళంతా సాయానికొస్తారు. రెండో ఏడాది ఎవరూ రారు. అప్పుడుంటుంది."

నువ్వు తుపాకీ సంగతి పోలీసులకి చెప్పడం మంచి పని. సిగ్గుపడకు. మాత్రలు వేసుకున్నారా అని అడగడం కూడా ప్రేమేనే పిచ్చిదానా, మనకి వచ్చిన భాష అది.

నేను బాగానే ఉన్నాను. భాస్కర్ ఫోన్ చేసినప్పుడల్లా ఇంకా ఎన్నాళ్ళు అంటాడు. నేనేం చెప్పను? వంట మాత్రం అద్భుతంగా నేర్చుకున్నాడట. నాతో కాపురంలో కాఫీ కూడా కలపలేదు, దొంగ.

ప్రఫుల్ల


హై గార్త్
30 జూన్ 2002

ఒసేయ్ ప్రఫుల్లా,

చాలా రోజులకు మంచి కబురు. ఆల్బర్ట్ మళ్ళీ మంద తెచ్చినాడు! ఈ వసంతంలో ఎక్కడో దూరం నుంచి ఆడ గొర్రెలు వచ్చినాయి. నల్ల ముఖాలు, ముద్దొస్తున్నాయి.

చిక్కేమిటంటే వాటికి గుట్ట తెలీదు. మేసుకుంటూ మేసుకుంటూ పక్కవాళ్ళ గడ్డిలోకి పోతాయి. పొద్దునా సాయంత్రం ఎవరో ఒకరు పోయి వెనక్కి తేవాలి, వాటికి అలవాటయ్యేదాకా. ఆల్బర్ట్ ఉన్న పొలమూ ఇల్లూ ఆయన సొంతం కాదు, కౌలుకు తీసుకున్నది. భూమి ఆసామి తరఫున మేనేజర్ ఒకడున్నాడు. "వచ్చే ఏప్రిల్ ఆఖరుకు మంద హద్దులో నిలవకపోతే కౌలు రద్దు చేసి పక్క పొలంలో కలిపేస్తాం" అని చెప్పిపోయినాడు. నాలుగు తరాల కౌలు. ఆల్బర్ట్‌కు ఇంకో బతుకు తెలీదు. ఈ వయసులో ఆయన్ను తీసుకుపోయి ఊళ్ళో ప్రభుత్వం ఇచ్చే కౌన్సిల్ ఫ్లాట్‌లో పెడితే చలికాలం దాటడు. డాక్టరుగానే చెబుతున్నాను.

సరిగ్గా ఇప్పుడే ఆయన తుంటి ఆపరేషన్‌కు పిలుపొచ్చింది. ఏడాదిన్నరగా ఎదురుచూసింది, ఇప్పుడు వద్దంటే మళ్ళీ వరుస చివర నిలబడాలి. ఆయన వద్దనే అన్నాడు. నేను కోప్పడి పంపించినాను. "మీ గొర్రెల్ని నేను చూస్తాను, నేను కాపరి బిడ్డను" అన్నాను. పనిదినాల్లో పొద్దున పూట పక్క పొలం మెగ్ తన కుక్కతో చూస్తుంది, సాయంత్రాలూ శని ఆదివారాలూ నావి. ఇక్కడ వేసవిలో రాత్రి పది దాకా వెలుతురే కదా.

నేను గుట్టెక్కి "ట్ర్‌ర్‌ర్ హో" అని మా నాయన పిలిచినట్టు పిలిస్తే ఇప్పుడు మందంతా పరిగెత్తుకొని వస్తుందే! మా ఊర్లో తుమ్మకాయలు రాల్చి పెట్టినట్టు, జేబు నిండా దాణా గుళికలు పోసుకొని పోతాను. ఒకటుంది, తెల్ల ముక్కుది, నేరుగా కోటు జేబులో మూతి పెడుతుంది. మెగ్ కుక్కను ఉసిగొల్పి హద్దు నుంచి వెనక్కి తరుముతుంది. నాకు నచ్చలేదు. మా నాయన జీవాన్ని ఎన్నడూ తరమలేదు, ముందు నడిచేవాడు, అవి వెంట వచ్చేవి. మెగ్‌తో అంటే మూతి ముడుచుకుంది. ముడుచుకోనీ.

పోయిన వారం న్యూకాసిల్‌లో మనవాళ్ళ భోజనాలకు పోతే ఒక ఆంటీ "వీకెండ్‌లో ఎప్పుడూ దొరకవేమ్మా" అంది. "గొర్రెలు కాస్తున్నానాంటీ" అన్నాను. అందరూ నవ్వినారు. రాజీవ్ నవ్వలేదు. కారు డిక్కీ వాసన ఆయనకే తెలుసు.

ఇంత సంతోషం నాకు ఈ దేశం వచ్చినాక ఇదే మొదలు.

నీ ఆది


కోల్డ్ ఫోర్క్
25 జూలై 2002

ఏమే కాపరీ,

నీ ఉత్తరం చదివి నాకూ గుట్టెక్కాలనిపించింది. రూత్‌కి గర్వంగా చెప్పాను, మా ఆది పిలిస్తే మందంతా వస్తుందని. ఆవిడ మెచ్చుకుంటుందనుకున్నాను. మొహం మాడ్చుకుంది. నిన్ను ఒకటి అడగమంది. "ఆ గొర్రెలు కొండని మేస్తున్నాయా, ఆ పిల్ల చేతిని మేస్తున్నాయా?"

ఆమె చెప్పిన సంగతి రాస్తాను, ఎలా తీసుకుంటావో నీ ఇష్టం.

గని మూతపడ్డాక జోసెఫ్ గొర్రెల్లోకి దిగాడట. మీ లోయలోలాగే కంచె లేకుండా పెంచాలని అతని ఆశ. కానీ ఆ నేల తెలిసిన తల్లి గొర్రె ఒక్కటీ లేదు. అందుకని ఒక కాపరిని పెట్టాడు. ఆ కుర్రాడు బండిలో పడుకుంటూ మంద వెంటే తిరిగేవాడు. వాడంటే గొర్రెలకి ప్రాణం, వాడు ఈల వేస్తే చాలు. ఒక చలికాలం మంచు తుఫాను వచ్చింది. కాపరికి జ్వరం, బండి దాకా రాలేక మంచులో పడిపోయాడు. మంద వాడి చుట్టూ చేరి నిలబడింది. పక్కనే, కేక వేస్తే వినపడే దూరంలో లోతైన వాగు ఉంది. అందులోకి దిగితే గాలి తగలదు, బతికేవి. ఒక్కటి కూడా దిగలేదట. మంచు కరిగాక చూస్తే కాపరీ, చుట్టూ మందా, ఉన్నవి ఉన్నట్టే.

"అవి మనిషిని నమ్ముకున్నాయి, నేలని కాదు" అని రూత్ కొత్త కోడలిగా వచ్చినప్పుడు జోసెఫ్ భార్య ఆవిడకి చెప్పిందట. ఆ తర్వాతే జోసెఫ్ ముళ్ళతీగ కంచె వేశాడు. "మా దగ్గర హద్దు తీగ చెబుతుంది, వాళ్ళ దగ్గర తల్లి చెబుతుంది. ఆ డాక్టరు పిల్ల ఏం చెబుతోంది?" అంది రూత్.

కోపం తెచ్చుకోకు. నేను తెనాలిదాన్ని, నాకు గొర్రెల సంగతి ఏం తెలుసు? కానీ ఆవిడ ఊరికే మాట్లాడే మనిషి కాదు.

ప్రఫుల్ల


హై గార్త్
20 ఆగస్టు 2002

ప్రఫుల్లా,

నీ ఉత్తరం అందేసరికే జరగాల్సింది జరిగిపోయింది. కోపం కాదు, నవ్వు కాదు, నా మీద నాకే అసహ్యం.

పోయిన వారం సోమవారం పొద్దున సర్జరీలో ఒక పసిబిడ్డ చెవి చూస్తున్నాను. రిసెప్షనిస్ట్ తలుపు తోసి, "డాక్టర్, మీ కోసం వచ్చినారు, అపాయింట్‌మెంట్ లేదు" అంటుంది. కిటికీలోంచి చూస్తే కార్ పార్క్ నిండా గొర్రెలు! మొత్తం మంద. గుట్ట దిగి, రెండు పొలాలు దాటి, ఊరి వీధిలో నడిచి, పోస్టాఫీసు మలుపు తిరిగి వచ్చినాయి. తెల్ల ముక్కుది నా కారు పక్కన నిలబడి అరుస్తా ఉంది. రోజూ సాయంత్రం ఆ కారు గుట్ట కిందికి వస్తుంది కదా, దాని చప్పుడు వాటికి తెలుసు. ఆ ముందురోజు నేను పోలేదు, అనూషకు జ్వరం. వెతుక్కుంటూ వచ్చినాయి.

వెయిటింగ్ రూమ్ అంతా పడీపడీ నవ్వింది. నేనూ నవ్వినాను. అప్పుడు తెలిసింది, దారిలో పోస్ట్‌మాస్టర్ లీకులన్నీ తినేసినాయని. ఇక్కడ మగవాళ్ళు లీకులు చంటిబిడ్డల్లాగ పెంచి సెప్టెంబరులో పోటీకి పెడతారు. మన ఉల్లికాడే అనుకో, తొడంత లావు. ఆయన కళ్ళల్లో నీళ్ళు. గుట్టకు అవతలి పొలంవాళ్ళు మేనేజర్‌కు ఫోన్ చేసినారు. ఆయన వచ్చి నన్నేమీ అనలేదు, "ఏప్రిల్ ఆఖరు, డాక్టర్" అన్నాడు, అంతే.

ఆ మధ్యాహ్నమే నీ ఉత్తరం అందింది, సాయంత్రం ఆల్బర్ట్ దగ్గరికి పోయినాను. ఆపరేషన్ అయి ఇంటికొచ్చినాడు, చేతికర్రల మీద ఉన్నాడు. దాణా, పిలుపు, తరమొద్దని మెగ్‌తో అన్న మాట, అంతా చెప్పినాను. నీ ఉత్తరంలో కాపరి సంగతీ చెప్పినాను. మోంటానాలో మనుషులు దొరికినారని ఆయనకు తెలుసు గానీ, వాళ్ళ తాత తమ్ముడు మందను పోగొట్టుకున్న కథ వినడం అదే మొదలు.

"నువ్వు మంచి కాపరివి పెట్" అన్నాడు. "ఇక్కడ కాపరి ఉండకూడదు, అదీ చిక్కు. నువ్వు ముందు నడిస్తే అవి నిన్ను నేర్చుకుంటాయి. వెనక్కి తరిమి వదిలేసి వస్తే కొండను నేర్చుకుంటాయి."

"ఇప్పుడేం చేయమంటారు?"

"రావద్దు" అన్నాడు. "కోపంతో కాదు. మెగ్, కుక్క చూసుకుంటారు, తర్వాత నేను. నువ్వు కనపడకూడదు, వినపడకూడదు."

మా ఊరి పద్ధతి తప్పు కాదే. మా దిక్కు గడ్డి ఒకచోట నిలవదు, వాన యాడ పడితే ఆడికి మంద పోవాల్సిందే, మనిషిని నమ్ముకోకపోతే జీవం బతకదు. ఇక్కడ అదే పద్ధతి ఆ ముసలాయన ఇల్లు కూల్చేటట్టు ఉంది. ఎంత ప్రేమగా చేసినానో అంత చెడగొట్టినాను.

ఇప్పుడు ఆ కారు రాజీవ్ తీసుకొని పోతున్నాడు. నేను గుట్ట కనపడని వెనక దారిలో నడిచి సర్జరీకి పోతున్నాను. సాయంత్రం ఏం చేయాలో తోచక ఇల్లు తుడుస్తాను. ఇల్లు ఎప్పుడూ ఇంత శుభ్రంగా లేదు. రాజీవే నిన్న అన్నాడు, "పోనీ ఒకసారి దూరం నుంచి చూసి రా" అని. పోలేదు.

రూత్‌కు నా నమస్కారం చెప్పు.

ఆది


కోల్డ్ ఫోర్క్
16 ఫిబ్రవరి 2003

ఆదీ,

నీ చిన్న చిన్న చీటీలు అందుతున్నాయి. ఇంకా ఆ గుట్ట మీదికి వెళ్ళలేదన్నమాట. నీ మొండితనం నాకు తెలుసు, ఫిజియాలజీ పరీక్షప్పుడు సినిమా మానేసిన మొహం కదా.

రూత్ పోయింది. జనవరి చివర్లో, నిద్రలోనే. రాంచ్ అమ్మేస్తున్నారు, పిల్లలు ఎవరూ లేరు. పోవడానికి వారం ముందు కూడా అడిగింది, "ఇంగ్లండులో గొర్రెలు నిలిచాయా?" అని. ఇంకా తెలీదన్నాను. "నేను ఉండను, నువ్వు కనుక్కో" అంది. నీకు ఇది రాయాలా వద్దా అని రెండు వారాల పైన ఆగాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఇంకొకటి నీకు చెప్పకుండా దాచాను. ఇక్కడివాళ్ళు నన్ను ఉండిపొమ్మని అడిగారు. ఇల్లు ఇస్తాం, క్లినిక్ పెంచుతాం అన్నారు. నేను వద్దన్నాను. జూలైలో చికాగో వెళ్ళిపోతున్నాను. నువ్వు చిన్నచూపు చూస్తావని చెప్పలేదు. నువ్వు అక్కడ పాతుకుపోయావు, నేనేమో గడువు అవగానే మూట కడుతున్నాను.

కానీ బాగా ఆలోచించానే. నేను నేలని నేర్చుకునే జీవాన్ని కాదు. భాస్కర్ పిలిస్తే పరిగెత్తే జీవాన్ని. తప్పా? మీ ఊరి గొర్రెలూ అంతే కదా, అవీ బతికాయి కదా. నిన్న అతను ఫోన్‌లో "వచ్చేయ్" అన్నాడు, ఇక్కడ వంటింట్లో నిలబడి భోరున ఏడ్చాను. నా హద్దు అతనే.

నువ్వు చెడగొట్టలేదు. నేను వెళ్ళడం సరైన పనే కదా, ఒక్కసారి అవును అను, నాకు నమ్మకం కుదురుతుంది.

ప్రఫుల్ల


హై గార్త్
11 మే 2003

నా బంగారు ప్రఫుల్లా,

నిన్ను చిన్నచూపు చూస్తానా! పరిగెత్తు. భాస్కర్ వండింది కడుపునిండా తిను. నువ్వు చెప్పింది అవును, అవును, అవును.

రూత్ కోసం ఆల్బర్ట్ చాపెల్‌లో ఒక ప్రార్థన చేయించినాడు. ఎన్నడూ చూడని మనిషి కోసం కోటు వేసుకొని నిలబడినాడు. నేనూ పోయినాను. మీ నర్సు సంగతి కూడా ఆయనకు చెప్పినాను, ఆ గడ్డి ఎవరిదో. తల ఊపినాడు. "జోసెఫ్ కబురు రాయకపోవడానికి రాయడం రాదన్న సిగ్గు ఒక్కటే కారణం కాదేమో" అన్నాడు.

ఇప్పుడు గొర్రెల మాట. ఏప్రిల్ ఆఖరున మేనేజర్ వచ్చినాడు. ఒకరోజు కాదు, వరసగా మూడు పొద్దులు, చెప్పకుండా. అవతలి పొలంవాళ్ళను కూడా అడిగినాడు. మంద హద్దులోనే ఉంది. నల్ల వాగు దాకా మేసి, అక్కడ ఎవరో గీత గీసినట్టు వెనక్కి తిరిగినాయట. కౌలు నిలిచింది ప్రఫుల్లా! ఆల్బర్ట్ నాకు ఫోన్ చేసి ఆ మాట చెప్పి, ఇంకేం అనాలో తెలీక, "మాత్రలు వేసుకున్నాను పెట్" అన్నాడు.

నిన్న సాయంత్రం రమ్మన్నాడు. తొమ్మిది నెలల తర్వాత గుట్టెక్కినాను. రాజీవ్, అనూష కూడా వచ్చినారు. తల్లుల పక్కన పిల్లలు, గుట్టంతా తెల్లగా గెంతుతున్నాయి. తెల్ల ముక్కుదానికి కవలలు. వాటిని వాగు గట్టు వెంట నడిపించుకుంటూ పోతా ఉంది, ఏదో పనున్నట్టు.

"పిలువు" అన్నాడు ఆల్బర్ట్.

"వద్దు, మళ్ళీ చెడిపోతాయి" అన్నాను.

"చూద్దాం. నాకు తెలియాలి."

మా నాయన పిలిచినట్టే పిలిచినాను, గుట్ట మారుమోగేటట్టు. అనూష చెవులు మూసుకుంది. తెల్ల ముక్కుది తల ఎత్తింది. నా వైపు చూసింది. నన్ను గుర్తుపట్టింది ప్రఫుల్లా, నాకు తెలుసు, చెవులు రెండూ నిక్కించింది. జేబులో చెయ్యి పెట్టుకొని నిలబడినాను.

తర్వాత తల దించి మేసుకుంది. పిల్లలు పాలకు దూరినాయి. మందంతా మేస్తూనే ఉంది.

ఆల్బర్ట్ నా భుజం తట్టి ముందు దిగిపోయినాడు. నేను అక్కడే కూర్చొని ఏడ్చినాను. సంతోషంతో అని రాజీవ్‌తో చెప్పినాను. నీతో అబద్ధం ఎందుకు, అంతా సంతోషం కాదు. ఒక్కటీ రాలేదే.

నీ
ఆది